మహ్‌లఖా చందా: తన చరిత్రను తానే వ్రాయించుకొన్న కవయిత్రి

దక్కను కవయిత్రులు – ఐదవ వ్యాసము

గత వ్యాసమున తంజావూరి విజయరాఘవ నాయకుని కొలువున కనకాభిషేక గౌరవము నందుకొన్న పసుపులేటి రంగాజమ్మను గూర్చి చెప్పుకొంటిమి. ఈ మారు మన దృష్టిని కావేరీతీరమునుండి మూసీతీరమునకు మరల్చి, రంగాజమ్మకు నూరేండ్లు పైబడిన పిమ్మట జన్మించి, హైదరాబాదున పేరు ప్రతిష్ఠలు గడించి, అచ్చటి మౌలా అలీ కొండ పాదమున కన్నతల్లి ప్రక్కనే సమాధి చేయబడిన మహ్‌లఖాబాయి చందా జీవితమును పరామర్శింతము. ఆమె కవిత్వము చెప్పినది ఉర్దూలో. ఉర్దూ కవయిత్రితో మనకేమి ప్రసక్తి యని కొందరు పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆమె పల్లకి సాగిన బాటలు తెలుగు పల్లెల నడుమనుండి పోయినవి. ఆమె భాండాగారమును నింపిన ధనము తెలుగు రైతు చెల్లించిన శిస్తు. చిన్ననాడు ప్రభువుతో కూడ దండయాత్రలకు వెడలి ఆమె చూచిన దుర్గములు కౌలాసు, నిర్మల. ఈమాత్రపు బంధుత్వము చాలును.

సూరతు నగరపు దక్షిణభాగమున, బమ్రోలి, పాండేసర, ఉధనా ప్రాంతములలో పవర్‌లూముల నడుమ కాపురములుండి ఈ ధారావాహికను చదువుచున్న మన నేతపనివారికి ఈ కథలో మరియొక ఆకర్షణము గూడ కలదు. కరీంనగరమునుండి, వరంగల్లునుండి, నల్లగొండనుండి జీవనోపాధికై వారు గుర్జరదేశమునకు వలస వచ్చిరి. మహ్‌లఖా మాతామహి గుర్జరదేశమున సంసారము చితికిపోగా బిడ్డలతో బయలుదేరినది. ఆ బిడ్డలు తుదకు చేరుకొన్నది తెలంగాణమునకు. దారి యొకటియే, దిశ మాత్రము వేరు.

మొగలుల కాలమున సూరతు రేవున దిగిన వర్తకుడు ఆగ్రాకు పోవలెనన్న ముఖ్యమైన రాజమార్గము తపతీతీరమున నున్న బుర్హాన్‌పురము మీదుగా పోవుచుండెను. వజ్రముల కొరకు గోలకొండకు పోయిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే బయలుదేరినదియు సూరతు నుండియే. వర్తకులతోపాటు కవులును ఈ బాటలు త్రొక్కిరి. ఉర్దూ గజలునకు ఆదిపురుషులలో నొకడుగా గణింపబడు వలీ దక్కనీ సూరతు నగరమును వర్ణించుచు మస్నవి యను దీర్ఘకావ్యము నొకదానిని రచించెను; 1707 ప్రాంతమున అహమ్మదాబాదులో కన్నుమూసెను. ఆ అహమ్మదాబాదులోనే, అనంతరకాలమున, చందాబీబీ యను గృహిణి యుండెను. ఆమె భర్త ఖ్వాజా ముహమ్మద్ హుసేన్ ఖాన్ ప్రభుత్వోద్యోగి. సర్కారు సొమ్ము లెక్కలలో తేడాలు బయటపడి విచారణ తప్పదని తెలియగానే ఆ మహానుభావుడు ఆలుబిడ్డలను విడిచి పలాయనము చిత్తగించెను. దిక్కుమాలిన ఆ యిల్లాలు పిల్లలను వెంటబెట్టుకొని రాజపుత్రస్థానపు సరిహద్దున నున్న దేవలియా సంస్థానమునకు చేరి, అచ్చట ఆటపాటలే వృత్తిగాగల భగతియాల ఆశ్రయమున తలదాచుకొనెను. కూతుండ్రు వారివద్ద నృత్యగీతములు నేర్చిరి. వారిలో మీదాబీబీ యనునామె రాజకున్వర్ అను పేర ప్రసిద్ధి చెందెను. దేవలియా రాజవంశీయుడగు సాలిం సింగు ఆమెను చేపట్టగా మెహతాబ్ అను కుమార్తె కలిగెను. అంతఃపురమున మత్సరము రగుల్కొనుటచే అచ్చటను నిలువ వీలు లేకపోయెను. మరల మూట ముల్లె సర్దుకొని ఆ స్త్రీల సమూహము బుర్హాన్‌పురమునకు వచ్చెను. అటనుండి నిజాం సేనానివేశముల వెంట ఔరంగాబాదునకు, పిమ్మట హైదరాబాదునకు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. ఈ వంశగాథ యంతయు మనకు దక్కినది మహ్‌లఖాయే పోషించి, ఆశ్రయమిచ్చి, గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అను పండితునిచేత పారసీకమున వ్రాయించిన చరిత్రగ్రంథము మూలమున. రాజులు తమ వంశమును సూర్యచంద్రులతో ముడివెట్టించుకొనుట మనకు క్రొత్త కాదు, శాసనములన్నియు అట్టివే. కాని ఒక నర్తకి, తన తల్లి యెట్లు తిండి సంపాదించినదో దాచక, తాత సర్కారు సొమ్ముతో చిక్కువడిన సంగతియు దాచక వ్రాయించుకొనుట విశేషము. రాజకుమారుని ప్రేమ, రాణుల అసూయ వంటి ఘట్టములందు కథకుని చేతివాటము కొంత యుండవచ్చును. పోషకురాలి యింట కూర్చుండి ఆమె పుట్టుపూర్వోత్తరములు వ్రాయువాడు తూనికరాళ్లతో వ్రాయడు గదా. తాత పరారియైన వార్తను మాత్రము ఏ పొగడ్తకాడును తనంతట కల్పింపడు. అందుచే ఆ భాగమును నేను నమ్ముదును.

హైదరాబాదు అప్పుడు నూతనయౌవనమున నుండెను. 1762లో అధికారమునకు వచ్చిన నిజాం అలీఖాన్, రెండవ ఆసఫ్ జా, తన రాజధానిని ఔరంగాబాదునుండి ఇచ్చటికి మార్చుటతో, ఔరంగజేబు దాడి పిదప కళదప్పియుండిన కుతుబ్‌షాహీ నగరమునకు మరల జవము వచ్చినది. ఉమ్రావులు దేవిడీలు కట్టించుకొనుచుండిరి. ఢిల్లీ శిథిలమగుచుండగా గాయకులు, చిత్రకారులు, కవులు దక్షిణమునకు తరలివచ్చుచుండిరి. రాజకున్వర్ కుటుంబమునకు ఇది కలిసివచ్చిన కాలము. మెహతాబ్‌ను నిజాం దివాను, అనగ ప్రధానమంత్రి, యగు రుక్నుద్దౌలా చేపట్టెను. రాజకున్వర్ బసాలత్ ఖాన్ అను మన్సబుదారుని వరించెను. 1768లో వీరికి పుట్టిన బిడ్డకు గుర్జరదేశపు అమ్మమ్మ పేరే పెట్టిరి: చందాబీబీ. ఈమెయే మన మహ్‌లఖా.

ఆ ప్రసవమును గూర్చి ఒక ఐతిహ్యము కలదు. గర్భవతియైన రాజకున్వర్ మౌలా అలీ కొండకు యాత్ర వెడలినప్పుడు గర్భస్రావ భయము కలుగగా, చిత్రకారుడును చరిత్రకారుడును సాధకుడును అగు తజల్లీ అలీషా కొండమీది దర్గానుండి దారమును, ధూపమును తెచ్చియిచ్చెననియు, అంతట ఆపద తొలగెననియు చెప్పుదురు. ఆ కొండకు మహిమ కుతుబ్‌షాహీల నాటినుండియు నున్నదే. యాకూత్ అను అంతఃపురోద్యోగి కలలో హజ్రత్ అలీని దర్శించి, మరునాడు కొండపై రాతిమీద ఆయన హస్తముద్రను కనుగొన్నాడని జనవిశ్వాసము. నిజాములు సున్నీలైనను రజబు నెల పదునేడవనాడు అచ్చట జరుగు ఉర్సు ఉత్సవమునకు సపరివారముగ పోవుచుండిరి. చందా జీవితము ఆ కొండను విడిచి ఎన్నడును దూరముగ పోలేదు. ఆ సంగతి ముందు వచ్చును.

సంతానము లేని అక్క మెహతాబ్ చందాను తన బిడ్డగా పెంచెను. దివానుగారి భవనమున పెరిగిన ఆ పిల్లకు గురువులకు గాని, గ్రంథములకు గాని కొదువ లేకపోయెను. తాన్‌సేన్ పరంపరకు చెందిన ఖుష్‌హాల్ ఖాన్ సంగీతము నేర్పెను. షేర్ ముహమ్మద్ ఖాన్ ఈమాన్ కవిత్వమున ఉస్తాదై దిద్దెను. దానితో నాగక గుఱ్ఱపుస్వారి, విలువిద్య, బల్లెము విసరుట గూడ అభ్యసించెను. 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురియైనప్పుడు చందాకు ఏడేండ్లు. ఆశ్రయముగ నున్న గోడ యొకటి కూలినను ఆ కుటుంబము వీధిని పడలేదు. తరువాతి కాలమున దివాను పదవి నధిష్ఠించిన అరస్తూ జా ఆమెకు అండయై నిలిచెను. అహమ్మదాబాదున ఒక్క పురుషుడు మాయమైనంతనే అమ్మమ్మ కుటుంబము తల్లక్రిందులైనది. హైదరాబాదున ఆ దుఃస్థితి మరల రాకుండ చూచుకొనుటయే మనుమరాలి జీవితకాల ప్రయత్న మనిపించును.

పదునాలుగవ యేట, 1782లో, ఆమె నిజాముతో కూడ కౌలాసు దండయాత్రకు వెడలెను. మరుసటి యేడు నిర్మలకు. అటు పిమ్మట పానగల్లునకు. పురుషవేషమున అశ్వారూఢయై విల్లమ్ములు దాల్చి సాగెనని చెప్పుదురు. దండు విడిసినచోట రాత్రులు పాటయు ఆటయు నుండెడివి. పగలు వేటయు వ్యాహ్యాళియు. ఆనాటి నిజాం దండనగ ఏనుగులు, ఒంటెలు, అంగళ్లు, అంతఃపురములతో ఒక నగరమే కదలిపోవుట. ఆ కదలునగరమున ప్రభువునకు అందుబాటులో నుండుటయనగ రాజ్యతంత్రమునకు అందుబాటులో నుండుట. ఆమెకు యుద్ధమున ఎంత పాత్ర యుండెనో యను చర్చకన్న, ఏ గుడారమున ఎవరి సరసన కూర్చుండెనో యనునదే చరిత్రకు ఎక్కువ ఉపయుక్తము. దివాను అరస్తూ జా, ఇరానీ వంశజుడును విద్వాంసుడును అగు మీర్ ఆలం, మహారాష్ట్ర సర్దారు రాజా రావు రంభా, వీరందరును ఆమె గోష్ఠికి వచ్చినవారే. మీర్ ఆలం ఆమె సౌందర్యమును గూర్చి ఒక మస్నవియే వ్రాసెను. ఈ మువ్వురును ఒకరినొకరు ఎల్లవేళల నమ్మినవారు కారు. వారందరి విశ్వాసమును ఏకకాలమున నిలుపుకొన్న స్త్రీకి గల చాతుర్యము సామాన్యమైనది కాజాలదు.

ఇక ఆమె కీర్తికి ముఖ్యాధారమగు దివాను సంగతి. ఈ దివాను మంత్రి కాదు, గ్రంథము. ఉర్దూ పారసీక సంప్రదాయమున కవి తన గజళ్లను అంత్యాక్షరక్రమమున కూర్చిన సంపుటమునకు దివాను అని పేరు. అక్కడక్కడ రెండు పాదముల షేరొకటియో, ఒక గజలో చెప్పిన స్త్రీలు అంతకుముందును గలరు. దివాను కూర్చుట మాత్రము కవిపదవికి పట్టాభిషేకము వంటిది. చందా తన దివానును 1798లో సంకలనము చేయించెను. ఆ సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. 1795లో ఖర్దా యుద్ధమున మహారాష్ట్రులచేతిలో నిజాం ఓడిపోగా అరస్తూ జా పూనాకు బందీగా పోయి, 1797లో తిరిగి వచ్చెను. 1798 సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయ కంపెనీతో సైన్యసహకారసంధి కుదుర్చుకొనెను; ఆ అక్టోబరులోనే హైదరాబాదున నున్న ఫ్రెంచి పటాలములు నిరాయుధములు చేయబడెను. అనగ దక్కను తన స్వాతంత్ర్యమును కాగితముమీద వ్రాసి యిచ్చిన యేడే చందా తన కవితను కాగితముమీద పదిలపరచెను. ఈ రెంటికిని కార్యకారణసంబంధ మున్నదని నేను వాదింపను. గాలి ఏ దిక్కున వీచుచున్నదో ఆమెకు తెలియదనుట మాత్రము పొరపాటు. మరుసటి యేటి సంగతి చూడుడు.

1799 అక్టోబరులో మీర్ ఆలం భవనమున విందు జరిగెను. అప్పటికి శ్రీరంగపట్టణము పడిపోయి, టిప్పు సుల్తాను మరణించి ఐదు నెలలైనది. అతిథులలో కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కం ఉండెను. అనంతరకాలమున పారసీక దేశమునకు రాయబారిగా పోయినవాడును, 1827 నుండి 1830 వరకు బొంబాయి గవర్నరుగా సూరతుతో గూడిన ఈ పశ్చిమతీరమును పాలించినవాడును ఇతడే. ఆ సభలో ప్రధాననర్తకి చందా. నృత్యము నడుచుచుండగనే ఆమె తన దివాను ప్రతి నొకదానిని మాల్కమునకు నజరుగా సమర్పించెను. ఆ వృత్తాంతమును తెలుపు వ్రాతతోకూడ ఆ ప్రతి నేటికిని లండనులోని బ్రిటిషు లైబ్రరీలో భద్రముగ నున్నది.

ఈ ఘట్టమును పాశ్చాత్యులు పలువురు ముచ్చటగా చెప్పుకొనిరి; తూర్పుదేశపు సుందరి, యువసైనికుడు, దీపకాంతులు, మువ్వల సవ్వడి. అట్టి వర్ణనలు చదివినప్పుడెల్ల నాకు కొంత విసుగు పుట్టును. నజరనునది దర్బారు వ్యవహారము. చిన్నవాడు పెద్దవానికి, సామంతుడు ప్రభువునకు, ప్రార్థి దాతకు సమర్పించునది నజరు. అందుకు ప్రతిగా ఖిలాతను సన్మానవస్త్రమో, హోదాయో, రక్షణయో లభించును. నజరు సాధారణముగ బంగారునాణెములు. చందా నాణెములకు మారుగ తన గ్రంథము నిచ్చెను. విందులో ఆడుటకు వచ్చినదానిగ ఆమెను చూచుచున్న పరదేశికి, నీవు చూచుచున్నది నా వృత్తిని మాత్రమే, నా విద్య ఇదిగో అని చెప్పుటకు అంతకన్న హుందాయైన మార్గము లేదు. పైగా దేశమున క్రొత్తగ బలము పుంజుకొనుచున్నవాని చేతిలో తన పేరు పెట్టుట ఎట్లు చూచినను దూరదృష్టియే.

దివానులో నూటయిరువదియైదు గజళ్లు. ప్రతి గజలునందును ఐదే షేర్లు. ఎక్కువ గాని తక్కువ గాని లేవు. తుదిషేరున చందా యను ముద్రతోపాటు మౌలా అలీ స్మరణ. వస్తువు గజలునకు పరంపరగ వచ్చినదే: వసంతోద్యానము, మధుపాత్ర, దాని నందించు సాకీ, కనికరములేని ప్రియతముడు, ఎదురుచూపు. ఇంతటి నియమము ఏల యని నేను ఆలోచించితిని. షియా సంప్రదాయమున ప్రవక్త, అలీ, ఫాతిమా, హసను, హుసేనులను పంచపవిత్రమూర్తులుగ, పంజతన్‌గ, భావింతురు. ఐదు షేర్ల కట్టుబాటు ఆ సంఖ్యకు నివాళి కావచ్చును. సభలో పాడుటకు ఒక గజలు ఐదు షేర్లైనచో గాయనికి ఊపిరియు, శ్రోతకు ఓపికయు సరిపోవుననుట గూడ కారణమే కావచ్చును. భక్తియు వృత్తియు ఆమెయందు వేరువేరు గదులలో కాపురముండలేదు. నాలుగు షేర్ల శృంగారము నడచిన పిదప ఐదవదానిలో ప్రార్థన వచ్చినప్పుడు, అంతవరకు పలికిన ప్రియతముడు లౌకికుడా, అలౌకికుడా యను సందేహము చదువరికి మిగులును. ఆ సందేహమును ఆమె కావలెననియే మిగిల్చినట్లు తోచును.

ఆ కాలపు తెలుగు కవయిత్రి ముద్దుపళనితో పోల్చిన ఒక భేదము స్పష్టమగును. తంజావూరి ప్రతాపసింహుని కొలువున వర్ధిల్లిన ముద్దుపళని తన కావ్యావతారికలో నాయనమ్మ తంజనాయకి మొదలుకొని స్త్రీల వంశమును సగర్వముగ చెప్పుకొన్నది. స్త్రీ మనోభావమును స్త్రీగనే పలికినది. చందా గజలులో తన బ్రతుకును చెప్పుకొనదు. గజలు సంప్రదాయము అందించిన గొంతునే ఎత్తుకొన్నది. చిత్రమేమనగా ఆ కాలముననే లక్నోలో రంగీన్, ఇన్షా వంటి పురుషకవులు స్త్రీల మాటతీరును అనుకరించుచు రేఖ్తీ యను క్రొత్త ప్రక్రియకు ఊపునిచ్చి సభలను నవ్వించుచుండిరి. పురుషులు స్త్రీవేషము కట్టుచున్న దినములలో ఒక స్త్రీ ఆ హాస్యమున పాలుగొనక, పండితులు మన్నించు ప్రౌఢగజలునే పట్టుకొనుట గమనింపదగినది. బ్రతుకును ఆమె వేరొకచోట వ్రాయించినది: చరిత్రగ్రంథమున, రాతిమీద.

1802లో నిజాం అలీఖాన్ ఆమెకు మహ్‌లఖాబాయి అను బిరుదమొసగి ఉమ్రావుల శ్రేణిలో చేర్చెను. చంద్రముఖి యని దాని భావము. ఇంటి ముంగిట నౌబతు భేరి మ్రోగించుకొను అధికారము, వెంట నడచుటకు ఐదువందలమంది సైనికులు, జాగీర్లు లభించెను. అడిక్‌మెట్, హైదర్‌గూడ, చందాగూడ, సయ్యద్‌పల్లి, పల్లెపహాడ్ మున్నగునవి ఆమె జాగీర్లలోనివి. ఆమె తల్లి రాజపుత్ర సంస్థానమును రాత్రికి రాత్రి విడువవలసివచ్చిన స్త్రీ. కుమార్తె వెడలినప్పుడు నగారాలు మ్రోగినవి. జన్మచే వచ్చిన కులీనతకును, ఆర్జించుకొన్న కులీనతకును తారతమ్యము చర్చించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దక్కను చరిత్రలో దొరకదు.

అయితే జాగీరనగ నేమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. వారి తాతముత్తాతలలో పెక్కుమంది జాగీర్దారుల క్రింద శిస్తులు కట్టినవారు, వెట్టి చేసినవారు. మహ్‌లఖా దానశీలము గూర్చి, ఆమె ఉర్సులలో పెట్టిన అన్నసంతర్పణముల గూర్చి చెప్పువారు ఆ అన్నము ఎవరి పొలమున పండినదో చెప్పుట మరతురు. కవయిత్రి యగుటచే ఆమె జాగీరున శిస్తు తగ్గినదని చెప్పుటకు ఆధారము లేదు. ఆ ధనముతో ఆమె యేమి చేసెనో మాత్రము తెలియును: విద్వాంసులను పోషించెను, గ్రంథాలయమును కూర్చెను, బాలికలకు సంగీతనృత్యములు నేర్పించెను, బావులు త్రవ్వించెను. అడిక్‌మెట్ జాగీరు భూములలోనే అనంతరకాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణము వెలసెను. 1918లో ఉర్దూ మాధ్యమముగ స్థాపితమై, 1934లో శంకుస్థాపన జరిగి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనముతో తనదైన శోభ సంతరించుకొన్న ఆ విద్యాలయము, ఒక ఉర్దూ కవయిత్రి పూర్వపు జాగీరున నెలకొనుట ఎవరును పన్నిన పన్నుగడ కాదు. కాని ఆమె వినియుండినచో సంతసించి యుండును. ఆమె పేర పిలువబడు దిగుడుబావి ఆ ప్రాంతమున నేటికిని గలదు.

ఆమె కట్టడములలో ముఖ్యమైనది మౌలా అలీ కొండక్రింద నున్నది. 1792లో రాజకున్వర్ మరణింపగా, కడుపులోని బిడ్డను కాపాడిన ఆ కొండ నీడలోనే తల్లిని ఖననము చేయించి, చుట్టును ప్రాకారము, ఉద్యానము, మసీదు, బారాదరి, నీటి వసతి ఏర్పరచెను. ఉర్సుకు వచ్చు యాత్రికులు అచ్చట విశ్రమించుచుండిరి. ఆమె గోష్ఠులును జరుగుచుండెను. సమాధి యొకటి కట్టించుట కులీనుల పని. నవాబులు తమ తండ్రులకు కట్టించిరి. ఈమె తల్లికి కట్టించెను. బెంగుళూరు నాగరత్నమ్మ తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన వృత్తాంతము మనకు సుపరిచితము; ఆమెయే 1910లో ముద్దుపళని కావ్యమును పరిష్కరించి ప్రకటించి, ప్రభుత్వ నిషేధమును ఎదుర్కొన్నది. కళావృత్తిలో పుట్టిన స్త్రీలు గ్రంథమును, సమాధిని ఇంతటి శ్రద్ధతో పట్టుకొనుటకు కారణము కలదు. వారి పేరు నిలుపుటకు గోత్రము లేదు, వారసులని చెప్పుకొని ముందుకు వచ్చువారు లేరు; వ్రాసినదియు, కట్టినదియు మాత్రమే సాక్ష్యము పలుకును.

1803లో నిజాం అలీఖాన్ మరణించి సికందర్ జా గద్దెనెక్కెను. 1804లో అరస్తూ జా, 1808లో మీర్ ఆలం గతించిరి. తన యౌవనమును చూచిన వారొక్కరొక్కరు వెడలిపోవుచుండగా మహ్‌లఖా మాత్రము నిలిచెను. క్రొత్తగా పలుకుబడి గడించిన మహారాజా చందూలాల్ స్వయముగ షాదాన్ అను పేర కవిత్వము చెప్పువాడు. ఆయన సభలలోను ఆమెకు గౌరవము తగ్గలేదు. ఆమె వివాహమాడలేదు. పెంచి విద్య నేర్పిన కన్యలే ఆమె కుటుంబము. 1824లో ఏబదియారవ యేట మరణించి తల్లి చెంతనే సమాధి పొందెను. ఆస్తిని దిక్కులేని స్త్రీలకు విడిచిపోయెనని ప్రతీతి. అమ్మమ్మ కథ తెలిసినవారికి ఆ ప్రతీతి నమ్మదగినదిగనే తోచును.

మరణానంతరము ఆమె దివాను గుల్జారె మహ్‌లఖా యను నామముతో ప్రచారము పొందెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గులాం సమదానీ ఖాన్ గౌహర్ ఆమె జీవితచరిత్రను ఉర్దూలో వెలువరించెను. అయినను సాధారణ జనుల నోట ఆమె అందగత్తెగను, ఆటకత్తెగను మిగిలెనే గాని, గ్రంథకర్త్రిగ మిగులలేదు. మౌలా అలీ సమాధి ప్రాంగణము చాలకాలము పాడుపడి, పిచ్చిమొక్కలు మొలచి, గోడలు పగిలియుండెను. 2010–11 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వపు విరాళముతో దాని పునరుద్ధరణము జరిగెను. ఆమె స్వహస్తముతో నిచ్చిన గ్రంథము లండనున, ఆమె సమాధికి ధనము వాషింగ్టనునుండి. మన ఊరి కవయిత్రిని మనము ఎంత పదిలముగ చూచుకొంటిమో దీనినిబట్టి పాఠకులే ఊహించుకొందురు గాక.

తుదకు ఒక వివాదము. ఉర్దూలో దివాను కూర్చిన ప్రథమ మహిళ మహ్‌లఖాయేయని చాలకాలము సాహిత్యచరిత్రలు చెప్పుచు వచ్చినవి. పరిశోధకులు పిమ్మట లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అను మరియొక హైదరాబాదు కవయిత్రి దివానును వెలికి తీసిరి. దాని సంకలనకాలము 1797, అనగ చందాకన్న ఒక్క యేడు ముందు. మహ్‌లఖా అభిమానులకు ఇది కొంత కష్టముగ నుండవచ్చును. నాకు మాత్రము ఒకే నగరమున, ఏడాది వ్యవధిలో, ఇద్దరు స్త్రీలు రెండు దివానులు సిద్ధపరచిరను వార్త, ప్రథమస్థానమునకన్న ఎక్కువ ఆశ్చర్యము గొలుపుచున్నది. ఒకరి గ్రంథము దర్బారు దీపముల వెలుగులో చేతులు మారి సముద్రములు దాటినది. మరియొకరిది ఎవరికంటను పడక అంతకాలము ఎట్లుండినదో, దానిని వ్రాసిన కులస్త్రీ యెవరో వచ్చు వ్యాసమున విచారింతము.